రోజూ ఎత్తే నీళ్ల టిన్నూ, జిమ్‌లో ఎత్తే రాడ్డూ

భీమవరంలోనో అమలాపురంలోనో ఒకావిడ జిమ్‌లో చేరి బరువులు ఎత్తుతున్నానని చెప్పిందనుకోండి. ఇంట్లోవాళ్లు ముందు అనే మాట, "పొద్దున్నుంచీ చేసే చాకిరీ చాలక ఇదొకటా?" ఈ మాటని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. డెల్టాలో, ముఖ్యంగా సముద్రం వైపు ఊళ్లలో, తాగడానికి 20 లీటర్ల టిన్నే దిక్కు. అంటే 20 కిలోలు. గుమ్మంలో దింపిన టిన్నుని వంటింటి గట్టు మీదకి చేర్చేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. గ్యాస్ బండ నిండుగా ఉంటే దగ్గర దగ్గర 30 కిలోలు. ఊడ్పుల రోజుల్లో కూలికెళ్లే ఆడవాళ్లు పొద్దున వంచిన నడుం మధ్యాహ్నానికి గానీ ఎత్తరు. ఇంత కష్టపడే ఒంటికి మళ్లీ ఇనుము దేనికి?

టిన్ను పదేళ్ల కిందటా 20 కిలోలే, ఇవాళా 20 కిలోలే. కొత్తలో కొన్నాళ్లు కష్టపడ్డాక ఒళ్లు దానికి అలవాటుపడిపోతుంది. ఆ పైన దానివల్ల వచ్చే కొత్త బలం ఏమీ ఉండదు, వచ్చేది అలసటే. ఈలోగా వయసు ఊరుకోదు. ముప్పైలు దాటాక వ్యాయామం లేని ఒంట్లో పదేళ్లకి 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతూ పోతుంది. అందుకే ముప్పైలో అవలీలగా ఎత్తిన టిన్ను యాభైలో బరువెక్కినట్టు అనిపిస్తుంది. పైగా ఇంటి పనిలో బరువు ఎప్పుడూ ఒక పక్కకే పడుతుంది: ఒకే తుంటి మీద బిందె, ఒకే చేత్తో బకెట్టు, నడుం మెలితిప్పి ఎత్తే తడిబట్టల టబ్బు.

ఒళ్లు బలపడాలంటే అది మోసే బరువు దానికి అలవాటైన దానికన్నా కాస్త ఎక్కువ ఉండాలి. అలవాటయ్యాక ఇంకాస్త పెరగాలి. మధ్యలో తిండీ నిద్రా పడాలి. బలం పెంచే ట్రైనింగ్ మొత్తం ఈ మూడు ముక్కల్లోనే ఉంది. రాడ్డు చేసే ఉపకారం బరువుని లెక్కగా, కొద్దికొద్దిగా, రెండు పక్కలా సమంగా పెంచుకోనివ్వడం. డంబెల్స్‌తోనూ కొంతవరకు చెయ్యొచ్చు. కానీ మన జిమ్ముల్లో 5 కిలోల డంబెల్ పక్కన ఉండేది 7.5. అంటే ఒక్క దెబ్బన సగం పెంచినట్టు. కాలవ గట్టు మీద పొద్దున్నే నడిచేవాళ్లు మానక్కర్లేదు, గుండెకి అది మంచిదే. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో నడకలాంటివాటితో పాటు వారానికి కనీసం 2 రోజులు కండరాల్ని బలపరిచే వ్యాయామం కూడా చెయ్యాలని ఉంది. మనదగ్గర డాక్టర్లు ఎక్కువగా "వాకింగ్ చెయ్యండమ్మా" దగ్గరే ఆగిపోతారు.

ముందు రాడ్డు సంగతి. పోటీల్లో వాడేది మగవాళ్లకి 20 కిలోలు, ఆడవాళ్లకి 15. ఆడవాళ్లది కాస్త పొట్టి, పట్టు దగ్గర 28 మిల్లీమీటర్లకి బదులు 25. చిన్న చేతికి ఆ 3 మిల్లీమీటర్ల తేడా బాగా తెలుస్తుంది. మన టౌన్లలో జిమ్ముల్లో ఈ లెక్కలు నడవవు. అక్కడి రాడ్లు ఒకటి 7 కిలోలుంటుంది, ఇంకోటి 10, మరోటి 12. అడిగితే "ఇరవై ఉంటది మేడం" అనేస్తాడు ట్రైనర్. జిమ్‌లో బరువు చూసుకునే మిషన్ ఎలాగూ ఉంటుంది. దానిమీద ఒకసారి ఊరికే నిలబడి, మరోసారి రాడ్డు పట్టుకుని నిలబడి, తేడా ఎంతో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ తర్వాత ఎప్పుడూ అదే రాడ్డు వాడండి. పోయినసారి ఎంత ఎత్తారో తెలియకపోతే ఈసారి ఎంత పెంచాలో తెలియదు.

ఇక ఒంట్లో జరిగేది. మొదటి ఆరేడు వారాలు బరువులు చకచకా పెరుగుతాయి, అద్దంలో మాత్రం ఏమీ కనబడదు. ఆ రోజుల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాలదే. ఉన్న కండలోనే ఎక్కువ పోగుల్ని ఒకేసారి పనిలోకి దింపడం మెదడు నేర్చుకుంటుంది. కండ పెరగడం ఆ తర్వాత, నిదానంగా. ఈలోగా తూకం కిలో పెరగొచ్చు కూడా, ఎందుకంటే కొత్తగా పనిలో పడ్డ కండరాలు నీటిని పట్టి ఉంచుతాయి. సన్నబడదామని వచ్చిన చాలామంది సరిగ్గా ఇక్కడే మానేస్తారు. మూడు నెలలపాటు తూకం సంగతి పక్కనపెట్టి లంగా బొందు ఎంత లోపలికి ముడిపడుతోందో చూసుకుంటే అసలు మార్పు తెలుస్తుంది.

మగవాళ్లలా అయిపోతామన్న భయం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కండ విపరీతంగా పెరగడంలో పెద్ద పాత్ర టెస్టోస్టెరాన్‌ది. ఆడవాళ్లలో అది మగవాళ్లలో ఉండేదాంట్లో పదో వంతు కూడా ఉండదు. ఏళ్ల తరబడి పట్టుబట్టి తింటూ, ఎత్తుతూ ఉన్నా ఆ ఆకారం అంత తేలిగ్గా రాదు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో (నేల మీంచి ఒకే ఊపులో తల మీదకి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాలకి, తర్వాత తల మీదకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే ఆ ఏడాది. అంతటి పేరు మన భాషవాళ్లకే దక్కినా, లేడీస్ బ్యాచ్ అనగానే గులాబీ రంగు డంబెల్స్ చేతిలో పెట్టి ట్రెడ్‌మిల్ ఎక్కించే అలవాటు మాత్రం పోలేదు.

మొదలుపెట్టేవాళ్లకి వారానికి 3 రోజులు చాలు. సోమ, బుధ, శుక్ర అనుకోండి. నేర్చుకోవాల్సినవి ఐదే: భుజాల మీద రాడ్డుతో కూర్చుని లేచే స్క్వాట్, నేల మీది రాడ్డు పట్టుకుని నిలబడే డెడ్‌లిఫ్ట్, బెంచీ మీద వెల్లకిలా పడుకుని ఛాతీ మీంచి రాడ్డు పైకి నెట్టే బెంచ్ ప్రెస్, నిలబడి తల మీదకి ఎత్తే ప్రెస్, ముందుకి వంగి పొట్ట వైపు లాగే రో. వెళ్లిన ప్రతిసారీ స్క్వాట్ ఉంటుంది, దానికి తోడు మిగతావాటిలో రెండు మార్చి మార్చి. తేలిక బరువుతో వామప్ అయ్యాక 5 సార్ల చొప్పున 3 సెట్లు. డెడ్‌లిఫ్ట్ మాత్రం ఒక్క సెట్టు చాలు. సెట్టుకీ సెట్టుకీ నడుమ రెండు మూడు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చిత్రమేమిటంటే, మన ఆడవాళ్లకి అన్నిటికన్నా కష్టమయ్యేది ఈ కూర్చోవడమే. ఖాళీగా కనబడితే ఎవరేమనుకుంటారో అన్నట్టు లేచి అటూఇటూ తిరుగుతారు, పొట్ట తగ్గడానికంటూ ఇంకో పాతిక క్రంచెస్ చేస్తారు, తర్వాతి సెట్టులో రాడ్డు లేవక దిగులుపడతారు.

ఉదాహరణకి పాలకొల్లులో 34 ఏళ్ల టీచరు, 60 కిలోల మనిషి అనుకుందాం. మొదటి రోజు స్క్వాట్ 15 కిలోలతో చేసింది. వెళ్లిన ప్రతిసారీ 2.5 కిలోలు పెంచుతూ పోతే నాలుగో వారం చివరికి 42.5 దగ్గర ఉంటుంది. రెండు నీళ్ల టిన్నుల కన్నా ఎక్కువ బరువు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేస్తోందన్నమాట. అందరికీ ఇంత సాఫీగా సాగదు, కొందరికి మూడో వారంలోనే రాడ్డు మొరాయిస్తుంది. అప్పుడు 2.5 బదులు కిలో పెంచినా పెరిగినట్టే.

లెక్క తప్పేది తల మీదకి ఎత్తే ప్రెస్ దగ్గర. చాలా జిమ్ముల్లో రాడ్డు చివర్లకి తగిలించే ప్లేట్లలో అతి చిన్నది 1.25 కిలోలది. రెండు పక్కలా వేస్తే 2.5. స్క్వాట్ 50 కిలోలకి వచ్చినప్పుడు 2.5 అంటే 5 శాతం, ఒళ్లు సర్దుకుంటుంది. ప్రెస్‌లో 15 కిలోల మీద అదే 2.5 వేస్తే దాదాపు 17 శాతం. రెండు రోజుల్లో ఏ భుజమూ అంత పెరగదు. పాపం ఆ అమ్మాయి "నా చేతుల్లో బలం లేదు" అనుకుంటుంది. తక్కువైంది చిన్న ప్లేట్లు. అరకిలోవి, పావుకిలోవి కొనుక్కోవచ్చు. దొరక్కపోతే చేతికి కట్టుకునే వెయిట్స్ రెండు వైపులా సమంగా తగిలించొచ్చు, కిరాణా కొట్లో తూచి ఇసుక నింపి కుట్టిన చిన్న సంచులైనా పనికొస్తాయి. జారకుండా కట్టాలి, అంతే.

స్క్వాట్ విషయంలో మన ఆడవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. ముగ్గు పెట్టేటప్పుడూ, కత్తిపీట ముందూ గొంతుక్కూర్చోవడం అలవాటైనవాళ్లకి మడమలు నేలకి ఆనించి కిందిదాకా దిగడం కొత్త కాదు. కుర్చీ కమోడ్లు, గ్యాస్ గట్లు వచ్చాక పెరిగిన పాతికేళ్ల పిల్లలకన్నా వాళ్ల అమ్మలే బాగా దిగుతారు. అయినా "సగం చాలు మేడం, మోకాళ్లు పోతాయి" అని ఆపేస్తుంటారు. ఆరోగ్యంగా ఉన్న మోకాలికి, పాదం చూసే వైపే మోకాలూ వెళ్తున్నంతవరకు, తొడ నేలకి సమాంతరంగా వచ్చేదాకా దిగడం వల్ల నష్టం లేదు. ముందే అరిగి నొప్పి ఉన్న మోకాలు వేరు, దాన్ని డాక్టరుకి చూపించుకుని మొదలుపెట్టాలి.

డెడ్‌లిఫ్ట్ అంటే నేల మీదున్న రాడ్డు పట్టుకుని నిలబడటం. చూడ్డానికి ఇంతకన్నా తేలికది లేదు, నడుం పట్టేసేదీ ఎక్కువగా ఇక్కడే. దానికి సగం కారణం మనిషి కాదు, ప్లేటు. పోటీల్లో వాడే పెద్ద ప్లేటు అడ్డకొలత 45 సెంటీమీటర్లు. అది ఉంటే రాడ్డు నేలకి ఇరవై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున, మోకాలి కింద కాలి ముందు ఎముక మధ్యకి వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు వేసుకునేది చిన్న 5 కిలోల ప్లేట్లు, వాటితో రాడ్డు చీలమండల దగ్గరే ఉండిపోతుంది. దాన్ని అందుకోవాలంటే నడుం గుండ్రంగా వంచక తప్పదు. అందుకని రెండు వైపులా కింద రెండేసి పెద్ద ప్లేట్లు పడుకోబెట్టి, వాటి మీద రాడ్డు ఉంచండి. చెక్క దిమ్మలైనా సరే. ఇప్పుడు పాదాల మధ్యకి, బూటు లేసులు ముడిపడే చోటికి సరిగ్గా పైన రాడ్డు ఉండేలా నిలబడాలి. తుంటిని వెనక్కి నెట్టి చేతులు కిందికి జార్చి పట్టుకోవాలి, మోకాళ్లు కాస్త వంచి కాలి ముందు ఎముక రాడ్డుకి తగలనివ్వాలి, ఛాతీ ఎత్తాలి. పొట్ట నిండా గాలి పీల్చి, ఎవరో కడుపులో గుద్దబోతున్నట్టు బిగించి, కాళ్లతో నేలని కిందికి తొక్కాలి. రాడ్డు కాళ్లకి రాసుకుంటూ పైకి రావాలి. దూరంగా జరిగిందంటే భారమంతా నడుం మీద పడుతుంది. ఇది వచ్చినవాళ్లు గ్యాస్ బండని కూడా ఇలాగే ఎత్తడం మొదలుపెడతారు, ఎవరూ చెప్పకుండానే. బీపీ మాత్రం ముందే అదుపులో ఉండాలి, ఊపిరి బిగించినప్పుడు అది ఎగుస్తుంది.

బెంచ్ ప్రెస్ ఒంటరిగా చెయ్యకండి. లేడీస్ బ్యాచ్‌లో మగ ట్రైనర్ మీదకి వంగి రాడ్డు పట్టుకుంటే ఇబ్బందిగా ఉంటుందని కొందరు అసలు మానేస్తారు. పక్కనున్న ఇంకో ఆవిడకి ఎలా పట్టుకోవాలో నేర్పిస్తే చాలు. స్క్వాట్‌కి రెండు పక్కలా సేఫ్టీ కడ్డీలున్న ర్యాక్ వాడండి. బరువు లేవకపోతే రాడ్డుని వాటి మీద వదిలేసి బయటికి వచ్చెయ్యొచ్చు.

ఇక అసలైన భయం. "బరువులెత్తితే గర్భసంచి జారిపోతుంది." అత్తగారు అంటుంది, పిన్ని అంటుంది, ఒక్కోసారి నర్సమ్మ కూడా అంటుంది. గర్భసంచి జారడం నిజంగా ఉన్న సమస్యే, డెల్టా పల్లెల్లో చెప్పుకోలేక ఏళ్లకేళ్లు భరిస్తున్నవాళ్లూ ఉన్నారు. దానికి ముఖ్య కారణం కాన్పులు. బిడ్డ బయటికి వచ్చే దారిలోని కండరాలు, వాటిని పట్టి ఉంచే పట్టీలు సాగిపోవడం. ఆ తర్వాత ఊబకాయం, తగ్గని దగ్గు, ఏళ్ల తరబడి మలబద్ధకంతో ముక్కడం, వయసుతో ఈస్ట్రోజెన్ తగ్గడం. కాన్పయిన కొద్ది రోజులకే బరువు పనులకి దిగాల్సి వచ్చిన ఆడవాళ్లని చూసి మన పెద్దవాళ్లు ఆ మాట అని ఉంటారు. అందులో అనుభవం ఉంది. కానీ కోలుకున్న ఒంటితో, తేలికగా మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ చేసేదాన్నీ ఆ పచ్చి బాలింత చాకిరీనీ ఒకే గాటన కట్టడం సరికాదు.

జాగ్రత్తలు లేకపోలేదు. కాన్పయ్యాక, సిజేరియన్ అయితే మరీను, డాక్టరు చూసి సరేనన్నాకే మొదలుపెట్టాలి, అదీ ఖాళీ రాడ్డుతోనో అసలు రాడ్డు లేకుండానో. ఎత్తేటప్పుడు కింద బరువుగా ఏదో దిగుతున్నట్టు అనిపించినా, మూత్రం చుక్కలు పడినా బరువు తగ్గించి గైనకాలజిస్టుకి చూపించుకోవాలి. మూత్రం పడటం గురించి బయటికి చెప్పుకోరు గానీ చాలామందికి ఉండేదే. కటి కండరాల (మూత్రం ఆపుకునేటప్పుడు బిగుసుకునేవి) వ్యాయామాలతో ఎక్కువమందికి తగ్గుతుంది.

ఈ గర్భసంచి కబురులోనే ఇంకో కోణం ఉంది, అది నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే గర్భసంచి తీయించుకున్న మహిళల శాతంలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే పై వరుసలో ఉంటుంది. చాలామందికి అది నలభై నిండకుండానే జరిగిపోతోంది. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది, ఉంచినా ఆ తగ్గుదల మామూలుకన్నా కొంత త్వరగా రావొచ్చు. ఈస్ట్రోజెన్ తగ్గిన మొదటి కొన్నేళ్లలో ఎముక వేగంగా పలచబడుతుంది. అంటే "ఆపరేషన్ అయింది, బరువులు ముట్టుకోకు" అని ఏ ఆవిడకైతే చెబుతున్నామో, గాయం మానాక ఎముకకి ఆ బరువు అవసరం అందరికన్నా ఎక్కువ ఆవిడకే. ఎముక తన మీద పడే ఒత్తిడిని బట్టే గట్టిపడుతుంది. నెలసరి ఆగి, ఎముకలు పలచబడ్డ మహిళలతో ఆస్ట్రేలియాలో చేసిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. వాళ్లతో నిపుణుల పర్యవేక్షణలో వారానికి 2 రోజులు, 8 నెలలపాటు డెడ్‌లిఫ్ట్, స్క్వాట్, ప్రెస్ బాగా బరువుగానే చేయించారు. ఇంట్లో తేలిక వ్యాయామాలు చేసినవాళ్లతో పోలిస్తే వాళ్ల వెన్నెముకలో ఎముక సాంద్రత మెరుగుపడింది. పర్యవేక్షణలో అన్న మాట మర్చిపోకూడదు.

చేరే ముందు చేయించుకోవాల్సిన పరీక్ష ఒకటుంది, హిమోగ్లోబిన్. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత. 12 గ్రాముల లోపుంటే రక్తహీనతే. అది బాగా తగ్గితే రెండో సెట్టుకే ఆయాసం రావొచ్చు, కళ్లు తిరగొచ్చు, మనిషేమో తనకి స్టామినా లేదనుకుంటుంది. ఐరన్ మాత్రలు రాసిస్తే వేసుకోండి, వాటినీ భోజనాన్నీ టీతో కలపకండి.

తిండి. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కలో మామూలు మనిషికి కిలో ఒంటి బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. బరువులెత్తేవాళ్లకి 1.2 నుంచి 1.6 దాకా అవసరమంటారు. మన 60 కిలోల టీచరుకి రోజుకి కనీసం 72 గ్రాములు. రెండు గుడ్లు 12, నూట యాభై గ్రాముల చేప ముక్కలు 28 దాకా, కప్పు పప్పు 9, గ్లాసు పాలు 8, పెద్ద కప్పు పెరుగు 7, రెండు కప్పుల అన్నం 8. సరిపోయింది. రొయ్యల చెరువులూ కోళ్ల ఫారాలూ ఉన్న జిల్లాల్లో ఇది కష్టం కాకూడదు. కానీ చివరికి కూర్చునేసరికి గిన్నెలో ముక్కలు అయిపోయి పులుసే మిగులుతుంది. చేపల పులుసు ఎంత రుచైనా అందులో ప్రొటీన్ ముక్కలోనే ఉంది. వండగానే తన ముక్కలు పక్కకి తీసుకుని ఉంచుకోవడం చాలామంది ఆడవాళ్లకి రాడ్డు ఎత్తడంకన్నా మొహమాటంగా ఉంటుంది. కార్తీక మాసంలో నీచు మానేసే ఇళ్లలో మీల్‌మేకర్, ఉడికించిన శనగలు, పాలు, పెరుగు పెంచుకోవాలి. ఎండు మీల్‌మేకర్ 50 గ్రాముల్లో 25 గ్రాములకి పైనే ప్రొటీన్ ఉంటుంది. సన్నబడాలని రాత్రి అన్నం మానేసి, పొద్దున ఖాళీ కడుపుతో డెడ్‌లిఫ్ట్‌కి రావడం మాత్రం వద్దు.

మన ఉక్కపోతలో చేతులు చెమటకి జారతాయి. చిన్న తువ్వాలు, కాస్త చాక్ పౌడరు దగ్గర ఉంచుకోండి. చున్నీ తీసేసి రండి, ప్లేట్ల మధ్య చిక్కుకుంటుంది. వేసవిలో పొద్దున ఆరు గంటల బ్యాచ్ దొరికితే అదృష్టం. చాలాచోట్ల లేడీస్ టైమింగ్స్ పదింటికి గానీ ఉండవు. అలాంటప్పుడు సెట్ల మధ్య ఇంకో నిమిషం కూర్చోండి, ఉప్పు వేసిన మజ్జిగ తాగండి.

మర్నాడూ ఆ మర్నాడూ తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోవడం మామూలే, రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలులో పొడిచినట్టు వచ్చే నొప్పి, నడుం నుంచి కాలిలోకి జివ్వున పాకే తిమ్మిరి మామూలు కాదు. అక్కడ ఆపెయ్యాలి.

నాలుగైదు నెలలు దాటాక ప్రతిసారీ పెంచడం ఎవరికీ కుదరదు. ఒకే బరువు దగ్గర వరసగా మూడుసార్లు ఆగిపోతే ముందు నిద్రా తిండీ చూసుకోండి. పిల్లల పరీక్షలో, ఇంట్లో పెళ్లో ఉంటే కారణం అక్కడే దొరుకుతుంది. అవన్నీ బాగానే ఉంటే బరువు 10 శాతం తగ్గించి మళ్లీ మెల్లగా ఎక్కండి. రెండోసారీ అక్కడే ఆగితే ప్రతిసారీ పెంచే పద్ధతి వదిలి వారానికోసారి పెంచే పద్ధతికి మారాలి. సోమవారం బరువుగా, బుధవారం తేలిగ్గా, శుక్రవారం కొత్త బరువు ప్రయత్నించడం. నోట్‌బుక్‌లో పాత పేజీలు ఉంటేనే ఈ మార్పు ఎప్పుడు చెయ్యాలో తెలుస్తుంది.